కోపెన్‌హాగెన్ చేతులు

రోగులు ఒక్కసారిగా పోటెత్తినప్పుడు ఆసుపత్రులు ఎలా నిలబడ్డాయన్న చరిత్రను చాలాకాలంగా భవనాల కథగా, యంత్రాల కథగా చెప్పుకుంటున్నాం. నెపోలియన్ సైన్యంలో శస్త్రవైద్యుడు లారే హోదా చూడకుండా గాయం తీవ్రతను బట్టి వైద్యం చేయడం, ప్లేగు రోజుల్లో ఊరి బయట వెలసిన శిబిరాలు, నిజాం ఏలుబడిలో 1915లో మొదలై తర్వాత నల్లకుంటకు చేరిన కోరంటి దవాఖాన తెలిసినవే. ఆ వరసలో 1952 నాటి కోపెన్‌హాగెన్ పోలియో మహమ్మారిని ఐసీయూ పుట్టుకకు నాందిగా చెప్పి ముగిస్తారు. అసలు సంగతి అక్కడే మరుగున పడుతోంది.

ఆ ఏడాది ఆ నగరంలోని బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో పోలియో రోగులకు ఊపిరాడించడానికి ఉన్నవి ఒక ఇనుప ఊపిరితిత్తి యంత్రం, ఛాతీకి తొడిగే పరికరాలు ఆరు. మొదటి వారాల్లో అలా చికిత్స పొందిన 31 మందిలో 27 మంది చనిపోయారు. ఆగస్టు 27న మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ 12 ఏళ్ల బాలికకు గొంతు దగ్గర కోత పెట్టించి, అందులో గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి పోశాడు. ఆమె బతికింది. మరి ఒకేసారి డెబ్బై మందికి ఆ సంచులు నొక్కేదెవరు? వైద్య విద్యార్థులు. వంతులు వేసుకుని రాత్రింబవళ్లు నొక్కారు. కొన్ని నెలల్లో దాదాపు 1,500 మంది పనిచేశారు. మరణాలు బాగా తగ్గాయి.

దీన్ని అతిగా చెప్పకూడదు. 31 చిన్న సంఖ్య. తర్వాత వచ్చిన రోగులందరూ అంత విషమంగా ఉన్నారనలేం. ఒంట్లో పేరుకున్న బొగ్గుపులుసు వాయువే ప్రాణాలు తీస్తోందని ఇబ్సెన్ పసిగట్టకపోతే, ఆసుపత్రి పెద్ద లాసెన్ అతని మాట వినకపోతే ఎన్ని చేతులున్నా వృథాయే. విద్యార్థులు అదే నగరంలో ఉండడమూ కలిసొచ్చింది. అయినా అప్పుడు కొరవడినవి యంత్రాలే. ఆ కొరతను పూడ్చింది మనుషులు.

2021లో కోవిడ్ ఉప్పెన వచ్చినప్పుడు మన లెక్కలు మళ్లీ పడకలు, వెంటిలేటర్ల చుట్టూనే తిరిగాయి. ఏప్రిల్‌లో విశాఖ నుంచి ఆక్సిజన్ రైలు మహారాష్ట్రకు వెళ్లింది. మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ పీడనం పడిపోయి, ప్రభుత్వ లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు; రావాల్సిన ట్యాంకరు ఆలస్యమైంది. ఆక్సిజన్‌ను పడక దాకా చేర్చే ఏర్పాటు పడకల పట్టికలో కనిపించదు. ఎంబీబీఎస్ చివరి ఏడాది విద్యార్థులను, నర్సింగ్ చదివినవారిని కోవిడ్ విధుల్లోకి తీసుకోవచ్చని కేంద్రం చెప్పింది కూడా ఆ మే నెలలోనే, ఉప్పెన మీద పడ్డాక. ఉద్ధృతి తగ్గగానే తెలంగాణలో తాత్కాలిక నర్సులను తీసేస్తే వాళ్లు రోడ్డెక్కారు. నేర్చుకున్న చేతులను అలా వదులుకోవడం నాకు క్షమించరాని పనిగా తోస్తుంది. ఆ తర్వాత ఆసుపత్రుల్లో ఆక్సిజన్ ప్లాంట్లు వెలిశాయి, మాక్ డ్రిల్స్ జరిగాయి, అవి అవసరమే. కానీ ప్రతి బోధనాసుపత్రిలో వైద్య, నర్సింగ్ విద్యార్థులకు ఏటా సంచి నొక్కడం, ఆక్సిజన్ మీటరు చూడడం, రోగిని బోర్లా పడుకోబెట్టడం నేర్పి, ఆపదలో ఎవరు ఏ వార్డుకు వెళ్లాలో ముందే రాసిపెట్టే పని ఇంకా ఎవరి బాధ్యతగానూ కనిపించడం లేదు.