బడి దాకా తీగ సరే, నెల బిల్లు ఎవరు కడతారు?

బడుల్లో హైస్పీడ్ ఇంటర్నెట్ మీద ప్రశ్న వస్తే మనలో చాలామంది 2015, డిజిటల్ ఇండియా అని మొదలుపెడతాం. ఈసారి 1975 నుంచి మొదలుపెట్టి చూడండి.

ఆ ఏడాది ఆగస్టు 1న సైట్ ప్రయోగం మొదలైంది. నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఇస్రో ఆంధ్రప్రదేశ్ సహా 6 రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు అందించింది. పొద్దున గంటన్నర బడి పిల్లలకే. తెలుగులోనూ వచ్చేవి. 1976 జులై 31తో ఒప్పందం గడువు ముగిసింది, ఉపగ్రహం వెళ్లిపోయింది. తర్వాత 2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ వెళ్లింది. పూర్తిగా చదువు కోసమే పంపిన మన మొదటి ఉపగ్రహం అదే (ప్రిలిమ్స్‌కి పనికొస్తుంది). 2010లో దాని పనీ అయిపోయింది.

ఇప్పుడు అమెరికా సంగతి చూడండి. 1996 టెలికాం చట్టంతో అక్కడ ఈ-రేట్ వచ్చింది. టెలికాం కంపెనీల నుంచి వసూలు చేసిన నిధితో బడుల ఇంటర్నెట్ ఖర్చులో 20 నుంచి 90 శాతం దాకా రాయితీ ఇస్తారు. పేద పిల్లలు ఎక్కువున్న బడికి ఎక్కువ రాయితీ. 1994లో 3 శాతం తరగతి గదుల్లోనే ఉన్న ఇంటర్నెట్ 2000 నాటికి 77 శాతానికి చేరింది. అంతా ఈ-రేట్ పుణ్యమే అని మాత్రం రాయకండి, అప్పటికే పెరుగుదల మొదలైంది.

అలాంటి నిధి మనకూ ఉంది. 2002 నుంచి యూఎస్ఓఎఫ్, 2023 చట్టంతో డిజిటల్ భారత్ నిధి. తేడా ఖర్చు పెట్టిన చోట ఉంది. మన డబ్బు ఎక్కువగా పల్లె ఫోన్లకు, టవర్లకు, ఆపైన భారత్‌నెట్ కేబుల్‌కు వెళ్లింది. 2011లో ఆమోదించిన ఆ పథకం గమ్యం గ్రామ పంచాయతీ. పంచాయతీ ఆఫీసు నుంచి బడి గోడ దాకా ఉన్న కాస్త దూరం, ఆ తర్వాత ప్రతి నెలా వచ్చే బిల్లు ఎవరి పద్దులోనూ స్పష్టంగా పడలేదు. మెయిన్స్ జవాబులో అసలు పాయింట్ ఇదేనని నా అభిప్రాయం.

తవ్వకం ఖర్చు తగ్గించే దారి ఆంధ్రప్రదేశ్ చూపించింది. ఫైబర్‌నెట్ కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదుగా లాగి, 2017 డిసెంబర్‌లో జాతికి అంకితం చేశారు. ఇళ్లకు నెలకు 149 రూపాయల ప్యాకేజీ అప్పటిదే.

యూడైస్ ప్లస్ ప్రకారం 2021-22లో 33.9 శాతం బడుల్లో ఇంటర్నెట్ ఉంటే, 2023-24కి 53.9 శాతం అయింది. ఈ అంకె వేగం గురించి ఏమీ చెప్పదు, జాగ్రత్తగా వాడండి. 2025-26 కేంద్ర బడ్జెట్ భారత్‌నెట్ కింద గ్రామీణ ప్రభుత్వ సెకండరీ స్కూళ్లన్నిటికీ బ్రాడ్‌బ్యాండ్ ఇస్తామంది. ప్రాథమిక పాఠశాల మాట ఆ వాక్యంలో లేదు.