కార్సన్ సిటీ తొలి డైములు (1871–1874)

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, కామ్‌స్టాక్ వెండి గనులకు చేరువగా 1870లో పని ప్రారంభించిన కార్సన్ సిటీ టంకశాల ముద్రించిన డైములలో, అనగా పది సెంట్ల వెండి నాణేలలో, 1871 నుంచి 1874 వరకు వెలువడినవి సేకర్తలకు అత్యంత దుర్లభమైనవి. వీటి ముద్రణ సంఖ్యలు వరుసగా 20,100, 35,480, 18,791, 10,817 మాత్రమే. పైగా ఇవి చలామణిలో బాగా నలిగినందున, మిగిలినవాటిలో అధికభాగం అరిగి, ఉపరితలం గరుకెక్కి కనిపిస్తాయి. కనుక ఈ వరుసను కూర్చేవారు మెరుపును ఆశించక, సంవత్సరమూ, వెనుకవైపు పుష్పమాల కింద టంకశాలను సూచించే ‘సీసీ’ అక్షరాలూ స్పష్టంగా ఉండి, శుభ్రపరచే పేరుతో రుద్దబడని నాణేన్ని ఎంచుకోవడమే సరైన పద్ధతి.

1873 ఫిబ్రవరి చట్టం డైము బరువును 2.49 గ్రాముల నుంచి 2.50 గ్రాములకు పెంచగా, ఆ మార్పుకు గుర్తుగా సంవత్సరానికి ఇరువైపులా బాణపు మొనలు చేర్చారు. పై 18,791 ఆ రకానివే. అంతకుముందు బాణాలు లేకుండా ముద్రించిన 12,400లో నేడు తెలిసినది ఒక్కటే కావడంతో, అది లేకున్నా వరుస పూర్తయినట్లే పరిగణిస్తారు.

ఫిలడెల్ఫియా టంకశాల నాణేనికి ‘సీసీ’ అతికించిన నకిలీలు ఉన్నందున అంచును పరీక్షించడం తప్పనిసరి: అసలు నాణేల అంచున 89 నిలువు గాట్లు ఉంటే, ఇతర టంకశాలల డైములకు సాధారణంగా 113 ఉంటాయి. వీటికి భిన్నంగా, 1875–1877 నాటి కార్సన్ సిటీ డైములు లక్షల్లో వెలువడి, సులభంగానే లభిస్తాయి.