ఫైలుకో తాళం

1990ల మొదట్లో హార్డ్ డిస్కులో చోటంటే బంగారమే. స్టాకర్ అనే ప్రోగ్రాం డిస్కు మొత్తాన్నీ కుదించి, దాదాపు రెట్టింపు సరుకు పట్టించేది. 1993లో మైక్రోసాఫ్ట్ కూడా ఎంఎస్-డాస్ 6తో డబుల్‌స్పేస్ ఇచ్చింది. దాంతో ఇద్దరి మధ్య పేటెంట్ల తగాదా కోర్టుకెక్కింది. 1994లో జ్యూరీ, స్టాకర్ తయారుచేసిన స్టాక్ కంపెనీకి 12 కోట్ల డాలర్లు ఇమ్మంది.

డిస్కంతా కుదించే ఈ పద్ధతిలో చిక్కేమిటంటే, డ్రైవంతా ఒకే పెద్ద ఫైలులో ఇమిడి ఉండేది. అది చెడిందా, అంతా గోవిందా!

1995లో వచ్చిన విండోస్ ఎన్‌టీ 3.51 ఆ భయం తీర్చింది. దాని ఫైల్ సిస్టం ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఏ ఫైలును కుదించాలో వాడేవాడే ఎంచుకోవచ్చు. ఫైలును 16 క్లస్టర్ల ముక్కలుగా తీసుకుంటుంది. కుదిస్తే ఒక్క క్లస్టరైనా మిగలదనుకుంటే ఆ ముక్కను ఉన్నదున్నట్టే వదిలేస్తుంది. లినక్స్ ఫైల్ సిస్టం ఈఎక్స్‌టీ2లోనూ ఇందుకోసం 'సి' అనే గుర్తు కేటాయించారు గానీ, అసలు కెర్నెల్లో అది పేరుకే మిగిలింది. 2009లో కెర్నెల్లో చేరిన మరో ఫైల్ సిస్టం బీటీఆర్ఎఫ్ఎస్ ఆ గుర్తుకు పని కల్పించింది.

చోటు తర్వాత రహస్యం వంతు. విండోస్ 2000 తెచ్చిన ఈఎఫ్ఎస్ అనే గుప్తీకరణ పద్ధతిలో ఒక్కో ఫైలుకు ఒక్కో తాళంచెవి. ఆ చెవిని మళ్లీ యజమాని పబ్లిక్ కీతో బిగించి, ఫైలుతోనే దాస్తారు. పథకం చక్కనిదే. కానీ తాళం తీసే కీ ఉన్న సర్టిఫికెట్టును విడిగా దాచుకోకుండా విండోస్‌ను తిరగ ఎక్కించినవాళ్లకు ఫైళ్ల పేర్లు మాత్రం కనబడేవి, లోపలి సరుకు అందేది కాదు. సొంతింటి ముందే నిలబడి తలుపు తట్టుకోవడం లాంటిది!

ఇంకో తిరకాసు: ఎన్‌టీఎఫ్ఎస్‌లో కుదింపు, గుప్తీకరణ ఒకే ఫైలుకు కుదరవు. కుదింపు బతికేదే పునరుక్తి మీద. గుప్తీకరించాక ఆ పునరుక్తి ఆనవాలైనా మిగలదు. ముందు కుదించి తర్వాత తాళం వేయొచ్చు గానీ, ఎన్‌టీఎఫ్ఎస్ ఆ దారి పట్టలేదు.

ఫైలువారీ తాళం జనంలోకి వెళ్లింది మాత్రం ఫోన్లతోనే. డిస్కంతటికీ ఒకే తాళం ఉన్నప్పుడు, స్టార్టప్ పాస్‌వర్డ్ పెట్టుకున్న ఫోను రాత్రి తనంతట రీస్టార్టయితే పొద్దున అలారం మోగేది కాదు. 2016లో ఆండ్రాయిడ్ 7 ఈ బాధ వదిలించింది: అలారం ఫైళ్లకు ఒక తాళం, ఫోటోలకు మరో తాళం. ఫోను వాడేవాడికి ఇదంతా జరుగుతోందని కూడా తెలియదు; ఎంపిక అతని చేతిలోంచి సిస్టం చేతికి పోయింది.

కంప్యూటర్లో మాత్రం పాత ముచ్చటే. విండోస్ 11లోనూ ఫైలు ప్రాపర్టీస్‌లో కుదింపుకూ గుప్తీకరణకూ రెండు గడులు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. టిక్కు ఒక్కదానికే.