నీటిని నిలిపే పొర

సింధు తీరాన మొహెంజొదారోలో సర్ జాన్ మార్షల్ ఆధ్వర్యంలో 1925-26లో జరిగిన తవ్వకాల్లో ఒక కొలను బయటపడింది. పొడవు సుమారు 12 మీటర్లు, వెడల్పు 7, లోతు రెండున్నరకు కాస్త తక్కువ. బడి పుస్తకాల్లో మనమంతా చదువుకున్న మహాస్నానవాటిక అదే. ఫొటోల్లో మెట్లూ ఇటుకల పొందికా కనిపిస్తాయి. కట్టినవాళ్ల అసలు నేర్పు మాత్రం గోడ వెనక ఉంది. ఇటుకల సందుల్లో జిప్సం గార నింపి, ఆ గోడ వెనక దాదాపు అంగుళం మందాన తారు పూశారు. తారు జారకుండా దాని వెనక మరో ఇటుక గోడ లేపారు. బరువు మోసే గోడ వేరు, నీటిని ఆపే పొర వేరు అని నాలుగున్నర వేల ఏళ్ల కిందటే వాళ్లు గ్రహించారు.

అయితే రెండు గోడల నడుమ ఉన్న తారు పాడైతే, ఒక గోడ పడగొడితే తప్ప దాన్ని మార్చలేరు. మన మేస్త్రీలు గానుగలో తిప్పిన సున్నానికి బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం చేర్చి గచ్చు చేసేవారు. పగిలిన చోట అతుకు వేయొచ్చు గానీ, మొత్తం పొర తీసి మరొకటి పరిచే వీలు దానికీ లేదు.

మార్చుకోగల పొరకు దారి తెరుచుకున్నది మార్షల్ తవ్వకాల నాటి 1926లోనే, అమెరికాలోని ఆక్రన్ నగరంలో. పీవీసీ అనే తెల్లటి పదార్థాన్ని జర్మన్ శాస్త్రవేత్త యూజెన్ బామన్ 1872లోనే ఎండ తగిలిన సీసాలో గమనించాడు. పెళుసు కావడంతో దాని జోలికి పోయినవాళ్లు తక్కువ. బి.ఎఫ్. గుడ్రిచ్ రబ్బరు కంపెనీలో పనిచేస్తున్న వాల్డో సెమన్, రబ్బరును లోహానికి అంటించే జిగురు కోసం వెతుకుతూ, పీవీసీని తేలిగ్గా ఆవిరి కాని ద్రావకంలో వేసి కాచాడు. చల్లారాక రబ్బరులా వంగే ముద్ద తయారైంది. అది పూసిన గుడ్డను పై అధికారి బల్లమీది కాగితాలపై పరిచి, కూజాడు నీళ్లు పోసి ఆయన్ను ఒప్పించాడని చెబుతారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా నగరాల శివార్లలో పెరడున్న ఇళ్లు లక్షల్లో లేచాయి. న్యూయార్క్ దగ్గర 1947లో మొదలైన లెవిట్‌టౌన్ వాటిలో పేరుమోసింది. అక్కడ నల్లజాతివారికి ఇల్లు ఇవ్వకూడదని ఒప్పందాల్లోనే రాసుకున్నారు. తర్వాతి దశాబ్దాల్లో నల్లవారికీ ప్రవేశం ఇవ్వాల్సి వచ్చినప్పుడు కొన్ని ఊళ్లు ఏకంగా పబ్లిక్ ఈత కొలనులనే మూసేశాయి. పెరటి కొలనుల చరిత్ర రాసేవాళ్లు ఈ సంగతి దాటవేయకూడదు. పెరట్లో గొయ్యి తవ్వి కాంక్రీటు కొలను కట్టించే స్తోమత లేని ఇళ్లకు నేల మీదే గుండ్రంగా రేకు నిలబెట్టి, లోపల వినైల్ షీటు, అంటే మెత్తబరచిన పీవీసీ షీటు, పరిచే కొలను అందివచ్చింది.

24 అడుగుల వ్యాసం, 4 అడుగుల నీరు ఉన్న కొలనులో సుమారు 51 వేల లీటర్లు పడతాయి. అంటే 51 టన్నులు. ఆ నీటిని ఆపే షీటు మందం సాధారణంగా అర మిల్లీమీటరు. బరువంతా చుట్టూ ఉన్న రేకూ కింది ఇసుకా మోస్తాయి. మొహెంజొదారో సూత్రమే ఇదీ.

కొన్నేళ్లు పోయాక షీటుకు మెత్తదనం ఇచ్చిన ద్రవం ఎండకూ క్లోరిన్‌కూ మెల్లగా బయటికి పోతుంది. షీటు బిరుసెక్కి అంచుల్లో చీలుతుంది. ఇక మార్చాల్సిందే. అందుకు గాలి లేని ఎండ రోజు చూసుకుంటారు. నీళ్లు తోడేశాక రేకుకు లోపలి దన్ను పోతుంది, గట్టి గాలికి వంగిపోతుంది. పాత షీటు కోసి తీశాక గోడను శ్రద్ధగా చూడటమే మొత్తం పనిలో ముఖ్యమని నా నమ్మకం. తుప్పును గీకి రంగు వేయకుండా పైన కొత్త షీటు కప్పితే, రేపు గోడే పోతుంది. ఇసుకలో రాళ్లూ వేళ్లూ ఏరేస్తారు. గోడ నేలను తాకే చోట చుట్టూ ఇసుకను వాలుగా, చిన్న గట్టులా పోస్తారు. అది లేకపోతే నీటి ఒత్తిడికి షీటు గోడ కింది సందులోకి దూరి చినుగుతుంది. కొత్త షీటును ఎండలో మెత్తబడనిచ్చి, గోడ అంచుకు తగిలించి, వెనక ఉన్న గాలిని వాక్యూమ్ యంత్రంతో లాగేస్తే ముడతలు పోతాయి. ఫిల్టరు గొట్టాలకు రంధ్రాలు మాత్రం నీళ్లు వాటి దగ్గరికి వచ్చాకే కోస్తారు. ముందే కోస్తే షీటు సాగి రంధ్రం పక్కకు జరుగుతుంది.

అనంతపురం పండ్ల తోటల రైతులకు ఇందులో చాలా భాగం తెలిసిన పనే. నీళ్లు ఇంకిపోయే నేలలో ఫారంపాండ్ తవ్వి పరిచే షీటు కూడా సాధారణంగా 500 మైక్రాన్లే, అదే అర మిల్లీమీటరు. అది పాలిథిలిన్ రకం. రాళ్లు ఏరడం, గట్టుకు వాలు పెట్టడం అక్కడా తప్పవు.

తీసేసిన వినైల్ షీటు సంగతి ఇంకా తేలలేదు. స్వచ్ఛమైన పీవీసీ బరువులో సగానికి పైగా క్లోరినే. కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, డయాక్సిన్లూ ఏర్పడతాయి. డల్లాస్, న్యూజెర్సీల్లో పెరటి కొలను ఉన్న తెలుగువారైనా, ఇక్కడి ఫాంహౌస్‌లవారైనా పాత షీటుకు నిప్పు పెట్టకండి. బాగున్న ముక్కలను కట్టెల మోపు మీద కప్పుకోండి, మిగిలింది చెత్త సేకరించేవారికి విడిగా అప్పగించండి.