మనవాళ్ళెవరైనా ఉన్నారా? – కనిష్క విమాన విధ్వంసం, సామాన్యుల స్పందన

1985 జూన్ 24, సోమవారం. మా ఊళ్ళో పంచాయతీ ఆఫీసు అరుగు మీద మాస్టారొకరు పేపరు పైకి చదువుతున్నారు. ఎయిర్ ఇండియా విమానం అట్లాంటిక్ సముద్రంలో కూలిపోయిందన్న వార్త సగం చదివారో లేదో, పక్కనున్న పెద్దాయన అడిగాడు: “మనవాళ్ళెవరైనా ఉన్నారా?” అప్పుడు నేను పదో తరగతి.

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. దుర్వార్త విన్న మనిషి ముందు తనవాళ్ళను లెక్క చూసుకుంటాడు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్ళ వార్త తెలిసి, ఓక్‌విల్ నుంచి హైదరాబాదుకు ఫోన్లు చేసిన మా అందరిదీ అదే ప్రశ్న. అయితే ‘మనవాళ్ళు’ అన్న మాటకు హద్దు ఎక్కడ గీస్తామన్న దాన్ని బట్టి ఆ తరువాతి చరిత్ర మారిపోతుంది. కనిష్క విషయంలో ఒకే చావులకు రెండు దేశాలు ఆ హద్దును రెండు రకాలుగా గీశాయి.

జరిగింది క్లుప్తంగా ఇది. టొరాంటో, మాంట్రియల్‌ల మీదుగా లండన్‌కు, అక్కడినుంచి ఢిల్లీ, బొంబాయిలకు వెళ్ళవలసిన 182వ నంబరు విమానం జూన్ 23 ఉదయం ఐర్లండ్ తీరానికి చేరువలో, సుమారు 31,000 అడుగుల ఎత్తున పేలిపోయింది. వాంకూవర్‌లో ఎక్కించిన సూట్‌కేసులో బాంబు ఉంది. దాన్ని తెచ్చినవాడు విమానం ఎక్కలేదు. చనిపోయినవారు 329 మంది. వారిలో 268 మంది కెనడా పౌరులు, ఎనభై మందికి పైగా పిల్లలు. బడులకు సెలవులిచ్చే రోజులు. తాతయ్యలను, అమ్మమ్మలను చూడబోతున్న పిల్లలు. దానికి దాదాపు గంట ముందే జపాన్‌లోని నరీటా విమానాశ్రయంలో మరో బాంబు పేలి సామాన్లు మోసే కార్మికులిద్దరు మరణించారు.

ఐర్లండ్‌లో సామాన్యులు చేసిన పని ముందు చెప్పాలి. శకలాలను మొదట చూసింది ‘లారెన్షియన్ ఫారెస్ట్’ అనే సరుకుల ఓడ. దానిలోని నావికులు రక్షణ దళాలతో కలిసి మృతదేహాలను నీళ్ళలోంచి తీశారు. వాలెన్షియా నుంచి స్వచ్ఛంద సేవకులు లైఫ్‌బోటులో బయలుదేరారు. దొరికిన 131 దేహాలను కార్క్ నగరపు ఆసుపత్రికి చేర్చారు. ఆప్తులను గుర్తుపట్టడానికి సముద్రాలు దాటి వచ్చిన కుటుంబాలకు అక్కడి నర్సులు, పోలీసులు, పట్టణవాసులు తోడు నిలిచారు. మరుసటి ఏడాదికల్లా అహాకిస్టా అనే చిన్న తీరగ్రామంలో, సముద్రానికి ఎదురుగా, సూర్యగడియారంతో ఒక స్మారకం వెలిసింది. ఏటా జూన్ 23 ఉదయం కుటుంబాలతో పాటు ఆ ఊరివాళ్ళూ అక్కడికి వస్తారు. ఆ ప్రయాణికులలో వాళ్ళ బంధువులెవరూ లేరు. మృతులు తమ తీరానికి చేరారు కనుక తమవాళ్ళే అనుకున్నారు.

కెనడాలో జరిగింది వేరు. ప్రధాని మల్రోనీ సంతాపం తెలపడానికి రాజీవ్ గాంధీకి ఫోన్ చేశారు. మరణించినవారిలో అత్యధికులు తన దేశ పౌరులే అయినా, పరామర్శ మాత్రం ఢిల్లీకి వెళ్ళింది. విమానం భారతదేశానిది, పేర్లు భారతీయులవి, హంతకుల కక్ష పంజాబుకు సంబంధించినది. కనుక ఇది పరాయిదేశపు గొడవ అన్న భావన ప్రభుత్వం నుంచి సామాన్యుల దాకా పాకింది. నిఘా సంస్థ రికార్డు చేసిన టేపులు చెరిగిపోయాయి. బాంబులు తయారుచేసిన ఇందర్‌జిత్ సింగ్ రేయత్ ఒక్కడికే శిక్ష పడింది. మరో ఇద్దరు నిందితులను 2005లో కోర్టు నిర్దోషులుగా విడిచిపెట్టింది. జస్టిస్ జాన్ మేజర్ విచారణ సంఘం ముందు తల్లిదండ్రులు, భర్తలు, భార్యలు సాక్ష్యం చెప్పేనాటికి ఇరవై ఏళ్ళు దాటాయి. ఆ సాక్షులలో తెలుగువారూ ఉన్నారు. 2010లో నివేదిక వచ్చాక ప్రధాని హార్పర్ కుటుంబాలకు క్షమాపణ చెప్పారు.

కెనడా సామాన్యులకు దయ లేదనడం అన్యాయం. 2001 సెప్టెంబరు 11న అమెరికా గగనతలం మూతపడి, 38 విమానాలు న్యూఫౌండ్‌లాండ్‌లోని గ్యాండర్‌లో దిగినప్పుడు, పదివేల జనాభా ఉన్న ఆ పట్టణమూ చుట్టుపక్కల ఊళ్ళూ దాదాపు ఏడువేల మందికి అన్నం పెట్టి, పడకలిచ్చాయి. గ్యాండర్‌లోనూ కార్క్‌లోనూ బాధితులు గుమ్మం ముందుకు వచ్చారు. 1985లో టొరాంటో ఇరుగుపొరుగుకు అందింది వార్త మాత్రమే. కంటికెదురుగా ఉన్న మనిషికి సాయపడటానికి ఊహాశక్తి అక్కరలేదు. వార్తలోని మనిషి తనవాడే అనుకోవడానికి అది కావాలి.

ఇంకో హద్దు మనలోనే లేచింది. సిక్కులందరినీ అనుమానంగా చూడటం మొదలైంది. ఆ విమానంలో చనిపోయినవారిలో సిక్కులూ ఉన్నారు. ఉగ్రవాదాన్ని తన పంజాబీ పత్రికలో ఎదిరించి, ఈ కేసులో పోలీసులకు వాంగ్మూలమిచ్చిన తారా సింగ్ హేయర్ కూడా సిక్కే. 1988లో కాల్పులకు గురై చక్రాల కుర్చీకి పరిమితమైన ఆయనను 1998లో హత్య చేశారు.

వైద్యుడిగా నాకు తెలిసిన సంగతొకటి చెప్పాలి. దేహం కూడా దక్కని చావులో దుఃఖం త్వరగా తీరదు. దాన్ని చుట్టూ ఉన్న సమాజం గుర్తించకపోతే ఆ గాయం మరింత లోతుగా దిగుతుంది. ఇలాంటి గుర్తింపులేని దుఃఖం గురించి కెన్నెత్ డోకా 1989లో పుస్తకమే వెలువరించారు. 329 మందిలో 131 మంది దేహాలే దొరికాయంటే, ఎన్ని ఇళ్ళలో ఆ గాయం మిగిలిందో ఊహించవచ్చు.

2023లో ఆంగస్ రీడ్ సంస్థ సర్వేలో పదిమంది కెనడావాసుల్లో తొమ్మిదిమంది ఈ దుర్ఘటన గురించి తమకు తెలిసింది స్వల్పమనో, ఏమీ తెలియదనో చెప్పారు. ఆ తొమ్మిదిమందిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఓక్‌విల్ నుంచి టొరాంటో వెళ్ళే దారిలో, సరస్సు ఒడ్డున హంబర్ బే పార్కులో 2007 నుంచీ స్మారకం ఉంది. కారులో అరగంట దూరం. ఆ దారిన పదేళ్ళు తిరిగి కూడా నేనక్కడ ఆగలేదు.

ఆగిన రోజున గోడ మీద పేర్లు మొదటినుంచీ చదవడం మొదలుపెట్టాను. కాసేపటికి గానీ గ్రహించలేదు, నేను తెలుగు ఇంటిపేర్ల కోసం వెతుకుతున్నానని. అరుగు మీది పెద్దాయన ప్రశ్న నన్ను వదలలేదన్నమాట. వెనక్కి వచ్చి మొదటి పేరునుంచి మళ్ళీ చదివాను, ఈసారి ఏ పేరునూ దాటెయ్యకుండా.