మా ఊరి పద్దెనిమిదంగుళాల రైలు

"ఇంతోటి రైలుకి టికెట్టు కూడానా!" అంది మా అమ్మ, ఓక్ మెడో పార్కు స్టేషన్లో క్యూ చూసి. సామర్లకోట జంక్షన్ పక్కన పెరిగిన మనిషి. ఆవిడ లెక్కలో రైలొస్తే ప్లాట్‌ఫారం అదరాలి, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ సామాను లెక్కపెట్టుకోవాలి. ఇక్కడేమో పెట్టెలో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఉన్నాయి. మావాడి ఐదో పుట్టినరోజు. కేకు లేకపోయినా ఫరవాలేదు, రైలు మాత్రం ఉండాల్సిందేనని వాడు ముందే తేల్చేశాడు. అందుకని ఆ ఆదివారం నాలుగు కుటుంబాలవాళ్లం పులిహోర గిన్నెలతో సహా అక్కడ దిగాం.

మా ఊరి పేరు లాస్ గాటోస్. అంటే స్పానిష్‌లో పిల్లులు. మా వెనక కొండల్లో తిరిగే అడవిపిల్లుల వల్ల వచ్చిన పేరు. ఈ కాలిఫోర్నియా ఊరికి ఒకప్పుడు నిజం రైలే ఉండేది. 1878లో మూడడుగుల వెడల్పు పట్టాల మీద వచ్చింది. రెండేళ్లకి సొరంగాల్లోంచి కొండ దాటి శాంతాక్రూజ్ సముద్రం దాకా వెళ్లింది. 1940 ఫిబ్రవరి వానలకి కొండచరియలు విరిగి పట్టాల మీద పడ్డాయి. బాగుచేయించే ఖర్చు దండగనుకుని సదరన్ పసిఫిక్ కంపెనీ కొండదారిని వదిలేసింది. 1952లో లెక్సింగ్టన్ డ్యామ్ కట్టాక ఆ దారిలో కొంత, దాంతోపాటు పాత ఊళ్ల ఆనవాళ్లూ నీళ్లలోకి వెళ్లిపోయాయి. శ్రీశైలం కింద మునిగిన ఊళ్ల సంగతి తెలిసినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. 1959లో ప్రయాణికుల రైలు కూడా ఊళ్లోకి రావడం మానేసింది. పట్టాలున్న చోట ఇప్పుడు కార్లు నిలుపుకుంటున్నాం. శనివారం పూట అక్కడ ఖాళీ దొరకడం మాత్రం గగనం.

పెద్ద రైలు కథ ముగిసేలోపే చిన్న రైలు ఊళ్లోకి వచ్చేసింది. తెచ్చింది బిల్లీ జోన్స్, అదే సదరన్ పసిఫిక్‌లో ఇంజను డ్రైవరు. 1939లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పాత ఇనుము కింద పోబోతున్న ఒక బుల్లి ఆవిరింజను ఆయన కంట పడింది. లాస్ ఏంజెలెస్‌లోని జాన్సన్ మెషీన్ వర్క్స్ 1905లో తయారుచేసిన ఇంజను అది. అబాట్ కిన్నీ అనే ఆసామి సముద్రపొడ్డున వెనిస్ పేరుతో కాలవలూ వంతెనలూ పెట్టి ఊరు కట్టిస్తే, అక్కడికొచ్చే జనాన్ని తిప్పడానికి నడిపారు. పట్టాల మధ్య వెడల్పు పద్దెనిమిది అంగుళాలు. మన బ్రాడ్ గేజ్ అరవయ్యారు.

జోన్స్ దాన్ని ఇంటికి తెచ్చి బాగుచేసి, డేవ్స్ అవెన్యూలోని తన పండ్లతోటలో పట్టాలు వేశాడు. ఆదివారాలు ఊరి పిల్లల్ని ఎక్కించుకుని తిప్పేవాడు. 1955లో డిస్నీలాండ్ తెరిచిన రోజున అక్కడి రైలు నడిపినవాళ్లలో ఆయనా ఉన్నాడు. మా ఊళ్లో ఎవర్ని కదిపినా ముందు ఈ ముక్కే చెబుతారు. నాకు మాత్రం, ఉద్యోగంలో నడిపింది చాలక సెలవునాడు కూడా ఇంజనే కావాలనుకున్న ఆ పిచ్చి నచ్చుతుంది.

1968లో ఆయన పోయాడు. ఇంజను మళ్లీ ఎవరి పాలయ్యేదో. ఊరివాళ్లు ఒక లాభాపేక్ష లేని సంస్థ పెట్టి, రైలు కొని, పార్కులో పట్టాలు వేసుకున్నారు. 1970 జులై 26న బిల్లీ జోన్స్ వైల్డ్‌క్యాట్ రైల్‌రోడ్ పేరుతో మొదలైంది. కంపెనీ వదిలేసిన పదకొండేళ్లకి, మైలు పొడవున, ఊరు తన రైలు తనే వేసుకుందన్నమాట.

మా వంతు వచ్చేసరికి డ్రైవరు కిందికి వంగి, పొడుగు ముక్కు నూనెడబ్బాతో చక్రాల దగ్గర కీలుకీలుకీ చుక్క చుక్క వేస్తున్నాడు. ఇంజను లోపల మనిషి పట్టే చోటు లేదు. వెనకున్న టెండరు మీదే, సైకిలు క్యారేజీ మీద కూర్చున్నట్టు కూర్చోవాలి. కూత మాత్రం అసలు కూతే. అది వినగానే అమ్మ చప్పున కళ్లు మూసుకుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నుసి పడుతుందని. పడలేదు. అలవాటు పోలేదంతే.

వాగు మీద వంతెన దాటుతుంటే గట్టున నడిచేవాళ్లంతా చేతులూపారు. మావాడు ఊపీ ఊపీ అలిసిపోయి నానమ్మ వైపు తిరిగాడు.

"నానమ్మా, మీ ఊరి రైలు ఎక్కడికెళ్తుంది?"

"కాకినాడ."

"మరి ఇదీ?"

"ఇది ఎక్కినచోటికే వెళ్తుందిరా నాన్నా."

వాడికి అందులో లోటేమీ కనబడలేదు. స్టేషన్లో బండి ఆగగానే అమ్మ అందరికంటే ముందు దిగి, పెట్టె పక్కన నిలబడి, దిగుతున్న పిల్లల తలల మీద ఒక్కొక్కరికీ చెయ్యి తాకిస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.