ఫాత్మా ఫిలిమ్స్ ఎలా పుట్టింది?

సూరత్‌కు దక్షిణంగా వెళ్తే సచిన్ వస్తుంది. మరమగ్గాల మీద బతుకుదామని తెలంగాణ నుంచి సూరత్ చేరిన మన పద్మశాలీలకు అదొక ఇండస్ట్రియల్ ఏరియా, రైల్వే స్టేషన్. ఒకప్పుడది సంస్థానం. 1791లో ఏర్పడిన ఆ సంస్థానాన్ని ఆఫ్రికా మూలాలున్న సిద్దీ నవాబులు ఏలారు. మన దేశపు తొలి మహిళా దర్శకురాలిగా చెప్పే ఫాత్మా బేగం గురించి ఎవరు రాసినా ఈ సంస్థానం పేరెత్తకుండా ఉండరు.

నాకు కిట్టనిది అదే. సచిన్ నవాబుతో ఆమెకు పెళ్లయిందంటారు. నికాకు దాఖలా లేదు. ఆమె పిల్లలు తన పిల్లలేనని నవాబు ఒప్పుకున్న దాఖలా కూడా లేదు. అయినా ఆ ముచ్చటకే సగం పేజీ పోతుంది, ఆమె చేసిన పని రెండు ముక్కల్లో తేలిపోతుంది.

ఆమె 1892లో పుట్టింది. ఉర్దూ నాటకాల్లో నటన నేర్చుకుంది. ఇక్కడ రంగస్థలం మీద స్థానం నరసింహారావు సత్యభామగా జనాన్ని ఊపేస్తున్న కాలంలో, అక్కడ బొంబాయి మూకీల్లోనూ ఆడవేషాలు చాలావరకు మగవాళ్లవే. 1922లో 'వీర్ అభిమన్యు'తో తెరకెక్కేనాటికి ఆమెకు ముప్ఫై ఏళ్లు. పిల్లల తల్లి కూడా.

నాలుగేళ్లకే, 1926లో, ఫాత్మా ఫిలిమ్స్ పెట్టింది. రాయడం, తీయడం, డబ్బు పెట్టడం అన్నీ తనే. తొలి చిత్రం 'బుల్‌బుల్-ఎ-పరిస్తాన్', పరీల లోకపు కథ, నిండా కెమెరా మాయలే. మూకీ రోజుల్లో ఆ మాయల్లో చాలావాటిని కెమెరాలోనే చేయాలి. లెన్స్‌లో సగం మూసి ఒకసారి తీసి, ఫిల్మును వెనక్కి తిప్పి, మూసిన సగాన్ని తెరిచి మళ్లీ తీయాలి. పిడి తిప్పేవాడి లెక్క ఒక్క చుట్టు తప్పిందా, ఆ ముక్క చెత్తబుట్టకే. మొదటి సినిమాకే ఇంత తలనొప్పి ఎవరు కోరుకుంటారు? ఆమె కోరుకుంది.

ఫ్రాన్సులో ముసిడోరా కథా ఇలాంటిదే. 'లె వాంపీర్'లో నల్లని బిగుతు దుస్తుల దొంగగా పేరుకెక్కి, తర్వాత సొంత సంస్థ పెట్టి, సినిమాలు రాసి, తీసి, వాటిలో నటించింది. ఫాత్మా కంటే మూడేళ్లే పెద్ద.

ఫాత్మా మాత్రం బయటి స్టూడియోల్లో వేషాలు మానలేదు. కోహినూర్, ఇంపీరియల్ సంస్థలకు నటిస్తూనే సొంత సినిమాలు తీసింది. 1928లో సంస్థ పేరు విక్టోరియా-ఫాత్మా ఫిలిమ్స్‌గా మారింది. 'హీర్ రాంఝా', 'శకుంతల' వంటివి వచ్చాయి. 'బుల్‌బుల్-ఎ-పరిస్తాన్' రీలు ఒక్కటీ మిగల్లేదు. చూడ్డానికి సినిమా లేకపోయేసరికి నవాబు కథ ఆ ఖాళీలో దూరింది.

సూరత్‌లో పుట్టిన కూతురు జుబేదా 1931లో మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' నాయిక. ఆమె తర్వాత హైదరాబాద్ ధనరాజ్‌గిర్ ఇంటి కోడలైంది. కవి శేషేంద్రశర్మ నివసించిన జ్ఞాన్‌బాగ్ ప్యాలెస్ ఆ కుటుంబానిదే.

తల్లి 1938లో సినిమాలు వదిలేసింది. 1953లో మన భానుమతి 'చండీరాణి'కి డైరెక్టరు కుర్చీలో కూర్చునేనాటికి ఆమె బతికే ఉంది. 1983 దాకా ఉంది. అంటే వెళ్లి, ఆ పరీలను ఎలా ఎగిరించావమ్మా అని అడగడానికి సినిమా చరిత్ర రాసేవాళ్లకు నలభై అయిదేళ్ల గడువు దొరికింది.